మొనకే మొదటి పూత: ఎలక్ట్రానిక్స్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

శ్రీ నారా లోకేశ్ గారికి,
విద్య, ఐటీ, ఎలక్ట్రానిక్స్ శాఖల మంత్రి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం.



నేను బందరులో పుట్టాను. బెజవాడలో ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీ పిల్లలకి రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా నాన్న బందరు చిలకలపూడిలో గిల్టు నగలకి పూత వేసేవాడు. ఈ ఉత్తరానికి ఆ పూత తొట్టే కారణం, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

రోల్డుగోల్డు అన్న పేరు పాత పద్ధతిది. చవక లోహం మీద బంగారు రేకు అతికించి, రెంటినీ కలిపి సాగదీసేవాళ్లు. మా నాన్న పనిలో చేరేనాటికి కరెంటు పూత వచ్చేసింది. తొట్టిలో ద్రావణం, పక్కన రెక్టిఫయరు, రాగి కొక్కేనికి వేలాడే నగ. మామిడి పిందెల హారం లాంటి మొనలున్న నగ వచ్చిందంటే ఆయనకి దిగులు పట్టుకునేది. వోల్టేజి కాస్త ఎక్కువైతే చాలు, పిందె కొన దగ్గర పూత మందంగా పేరుకుని, గరుకెక్కి, మాడినట్టు నల్లబడేది. అదే నగలో గుంటలున్న చోట పూత సరిగా పట్టక అడుగు లోహం కనిపించేది. అందుకని ఆయన మొనలకి దగ్గరగా పాత రాగి తీగ ముక్కలు కట్టేవాడు. ఎక్కువై వచ్చే లోహాన్ని ఆ తీగ తీసుకునేది, నగ బతికేది. ఇది ఆయనకి ఎవరూ నేర్పలేదు. పాడైన నగలు నేర్పాయి.

తర్వాత నేను కాలేజీలో ఫారడే సూత్రాలు చెప్పాను. 96,500 కూలూంబుల విద్యుత్తు పంపితే 108 గ్రాముల వెండి పూతగా పడుతుంది. లెక్క ఖచ్చితం. అయితే ఆ వెండి ఎక్కడ పడుతుందో ఆ సూత్రం చెప్పదు, ఉపరితలం చెబుతుంది. మొన ఉన్న చోట విద్యుత్ క్షేత్రం ఒత్తుగా చేరుతుంది, అయాన్లు అటే పరుగెడతాయి. మా నాన్న ఇరవై ఏళ్లకి పైగా పోరాడింది ఈ గుణంతోనే. ఇవాళ కొత్త రకం మెమరీ చిప్పుల మీద పనిచేస్తున్నవాళ్లు ఇదే గుణాన్ని పిలిచి కొలువులో పెట్టుకుంటున్నారు. ఆ పనిలో మన కృష్ణా డెల్టాకి చోటుందనీ, దానికి మీరు చేయగలిగింది ఒకటుందనీ చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

ఆ మెమరీ సంగతి ముందు చెప్పనివ్వండి. ఫోనులో మనం తీసే ఫోటో ఇవాళ ఫ్లాష్ మెమరీలో ఉంటోంది. అందులో గదిగదికీ కొన్ని ఎలక్ట్రాన్లని బంధించి ఉంచుతారు. సన్నటి ఆక్సైడు గోడ దాటించి వాటిని లోపలికి తోయడానికి దాదాపు 20 వోల్టులు కావాలి, ఆ వోల్టేజిని చిప్పు లోపలే పుట్టించుకోవాలి. రాసి చెరిపిన ప్రతిసారీ గోడ కొంచెం దెబ్బతింటుంది. నేను చెబుతున్న కొత్త రకం, ఎలక్ట్రోకెమికల్ మెమరీ, దాని దారి వేరు. ఒక గట్టున వెండి గానీ రాగి గానీ ఉంటుంది. అవతలి గట్టున ప్లాటినం, టంగ్‌స్టన్ లాంటి కరగని లోహం. నడుమ కొద్ది నానోమీటర్ల మందాన ఒక పొర. వెండి వైపు ప్లస్ ఇస్తే వెండి పరమాణువులు తలా ఒక ఎలక్ట్రాను వదిలేసి అయాన్లుగా పొరలోకి దిగుతాయి. అవతలి గట్టు చేరి మళ్లీ వెండిగా మారతాయి. ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ ఇవతలి గట్టు దాకా సన్నటి వెండి పోగు పెరుగుతుంది. వంతెన పడగానే నిరోధం అమాంతం తగ్గిపోతుంది, అది 'ఒకటి'. ప్లస్సుని మైనస్సు చేస్తే పోగు తెగుతుంది, అది 'సున్నా'. కరెంటు తీసేసినా పోగు అలాగే ఉంటుంది. అదే జ్ఞాపకం.

దీనికి ఒక వోల్టు, చాలాసార్లు అంతకన్నా తక్కువే చాలు. ఒక వోల్టు చిన్నదిగా కనబడుతుంది గానీ, పది నానోమీటర్ల మందం మీద ఒక వోల్టంటే సెంటీమీటరుకి పది లక్షల వోల్టుల లెక్క. చిలకలపూడి తొట్టెని మిల్లీమీటరులో లక్షో వంతుకి కుదిస్తే ఈ మెమరీ గది అవుతుంది. ఆనోడు, కాథోడు, మధ్యలో అయాన్ల ప్రయాణం, అంతా అదే. మా నాన్న బతికుంటే బొమ్మ గీసి చూపిస్తే చాలు, నాకన్నా ముందే అర్థం చేసుకునేవాడు.

మన ఇళ్లలో వెండి పట్టీలు, కుంకుమ భరిణెలు నల్లబడతాయి కదా. గాలిలోని గంధకపు వాయువులు తగిలి వెండి మీద పుట్టే సిల్వర్ సల్ఫైడ్ అది. పండగ ముందు ఆడవాళ్లు కూర్చుని దాన్నే తోమి వదిలిస్తారు. ఫారడే 1833లో ఈ పదార్థాన్నే వేడిచేసి చూశాడు. లోహాల్లో వేడి పెరిగితే విద్యుత్ ప్రవాహం తగ్గాలి, ఇందులో పెరిగింది. నూట డెబ్భై ఏళ్లు గడిచాక, 2005లో, జపానులోని త్సుకుబాలో తెరాబే, హసెగావా, అవోనో అనే పరిశోధకులు పూత పట్టిన ఆ వెండి తీగకీ ప్లాటినం తీగకీ మధ్య ఒక్క నానోమీటరు ఖాళీ ఉంచి, వెండి పరమాణువులు ఆ ఖాళీని దాటి వంతెన కట్టడం, తిరిగి వెనక్కి పోవడం చూపించారు. ఒక పరమాణువు వెడల్పు వంతెనకి నిరోధం సుమారు 12,900 ఓములు. ప్రకృతి స్థిరాంకాల నుంచి వచ్చే అంకె అది. మన పట్టీల మీది నలుపు ఇంత లోతైన సంగతి చెబుతుందని నేను క్లాసులో చెప్పినప్పుడల్లా ఆడపిల్లలు కాళ్ల వంక చూసుకునేవారు.

ఈ రంగంలో పనిచేసినవాళ్ల జాబితా పెద్దది. 1971లో లియాన్ చువా, తనలోంచి పారిన కరెంటుని గుర్తుంచుకునే మెమ్రిస్టర్ అనే ఊహని కాగితం మీద పెట్టారు. 1976లోనే జపానులో ఆర్సెనిక్ సల్ఫైడ్ పొరలో వెండి కొమ్మలు పెరిగి తెగే మెమరీని చూపించారు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ కొజికి, జర్మనీలోని యూలిష్‌లో రైనర్ వాజర్, ఇలియా వాలోవ్ దీన్ని శాస్త్రంగా నిలబెట్టారు. ఎన్ఇసి సంస్థ రాగి పోగుతో చేసిన 'నానోబ్రిడ్జ్' స్విచ్చులున్న చిప్పు 2019 జనవరిలో జపాను ఉపగ్రహంలో అంతరిక్షానికి వెళ్లింది. బెంగళూరు ఐఐఎస్సీ బృందం 2024లో 'నేచర్' పత్రికలో అణువుల పొరతో చేసిన మెమరీ గదిలో 16,500 వేర్వేరు నిరోధపు మెట్లు నిలపవచ్చని చూపింది. వాళ్లది వేరే రకం పదార్థం, అయినా మన పక్క రాష్ట్రంలో ఆ పని జరిగిందని మీకు గుర్తు చేయాలనిపించింది.

ఇక అసలు చిక్కు. పోగు ఎక్కడ మొలుస్తుందో ముందు చెప్పలేం. చదునైన ప్లాటినం మీద కంటికి కనిపించని ఏ చిన్న లోపం దగ్గరైనా అది మొదలు కావచ్చు. ఇవాళ ఒకచోట మొలిచింది చెరిపేస్తే రేపు ఇంకోచోట మొలుస్తుంది. ఒకసారి 0.3 వోల్టులకి పడిన వంతెన మరోసారి 0.6కి గానీ పడదు. ఒక గది ఇలా ఉంటే సర్దుకోవచ్చు. కోట్ల గదులున్న చిప్పులో గదికొక తీరైతే దాన్ని మెమరీ అనలేం.

డెల్టా మనిషికి ఇది వేరేగా చెప్పనక్కర్లేదు. కాలువ గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో నీళ్లకే తెలుస్తుంది. ఈ ఏడు పూడ్చిన గండి నిలిస్తే, వచ్చే ఏడు ఇంకోచోట పడుతుంది. అందుకే పెద్దలు గట్టుకి తూము పెట్టారు. నీళ్లు ఎటు పోవాలో ముందే మనం నిర్ణయించే చోటు తూము. మెమరీ గదిలో ఆ తూము పని నానో మొన చేస్తుంది. అడుగు లోహం మీద కొన్ని పదుల నానోమీటర్ల ఎత్తు మొనలు నిలబెడితే క్షేత్రమంతా మొన దగ్గర ఒత్తుకుంటుంది, పోగు అక్కడే మొలుస్తుంది. చెరిపి మళ్లీ రాసినా అక్కడే మొలుస్తుంది. వోల్టేజి తగ్గుతుంది, గదికీ గదికీ తేడా తగ్గుతుంది.

2010లో బీజింగ్‌లోని చైనా సైన్స్ అకాడమీ పరిశోధకులు అడుగు లోహం మీద రాగి నానో గింజలు చల్లి, పైన జిర్కోనియం ఆక్సైడు పొర వేసి, పోగులు ఆ గింజల మీదే మొలవడం మైక్రోస్కోపులో చూపించారు. 2018లో ఎంఐటీలో జీహ్వాన్ కిమ్ బృందం సిలికాన్-జెర్మేనియం స్ఫటికంలో నిలువుగా పోయే లోపాలని సన్నటి సొరంగాలుగా వాడుకుని వెండిని వాటిలోనే నడిపించింది. ఈ రెంటికీ ఖరీదైన యంత్రాలు కావాలి. మూడో దారి ఒకటుంది. నేను దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అది మనకి అందేది.

అల్యూమినియం రేకుని ఆక్సాలిక్ ఆమ్లంలో ముంచి, ఆనోడుగా పెట్టి, 40 వోల్టుల దగ్గర కరెంటు పంపితే పైన ఆక్సైడు పెరుగుతుంది. ఆ ఆక్సైడు నిండా సన్నటి నిలువు రంధ్రాలు. జపానులో మసూదా, సాతో 1996లో ఒక ఉపాయం చెప్పారు. మొదటిసారి పెంచిన ఆక్సైడుని కరిగించేస్తే అడుగున అల్యూమినియం మీద వరసగా చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. అదే రేకుని రెండోసారి తొట్టిలో పెడితే రంధ్రాలు ఆ గుంటల్లోంచే మొదలై తేనెపట్టులా అమరుతాయి. 40 వోల్టులకి రంధ్రానికీ రంధ్రానికీ దూరం సుమారు 100 నానోమీటర్లు. వోల్టుకి రెండున్నర నానోమీటర్ల లెక్కన, వోల్టేజి మార్చి ఆ దూరాన్ని మార్చుకోవచ్చు. గీసేవాళ్లు లేరు, చెక్కేవాళ్లు లేరు, లోహమూ ఆమ్లమూ కలిసి వాటంతట అవే వరస కడతాయి. ఆ రంధ్రాలని అచ్చుగా వాడి, పైనుంచి లోహం పోసి, అచ్చు తీసేస్తే మెమరీకి కావలసిన చుక్కలూ మొనలూ కోట్ల సంఖ్యలో నిలబడతాయి.

అయ్యా, ఈ పనికి కావలసినవి ఏమిటో చూడండి. తొట్టి, ఆమ్లం, రెక్టిఫయరు, వోల్టేజిని కదలకుండా పట్టే ఓర్పు. ఇవి బందరులో లేని వస్తువులా?

బందరు పక్కనున్న పెడన సంగతి కూడా ఒక మాట చెప్పాలి. కలంకారీ గుడ్డని కరక్కాయ, పాలలో నానబెట్టి, పటిక కలిపిన అచ్చు వేస్తారు. తర్వాత రంగు కాగులో ఉడికిస్తే పటిక పడ్డ చోటే ఎరుపు పడుతుంది, మిగతా గుడ్డ వదిలేస్తుంది. రంగు ఎక్కడ దిగాలో ముందే గుడ్డకి చెప్పి ఉంచడం అది. ఉపరితలానికి పాఠం చెప్పే విద్య మా జిల్లాకి కొత్త కాదు అనడానికే ఇది రాశాను.

తేమ సంగతి మరొకటి. మా గాలి తడిగా ఉంటుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లు ముఖం చిట్లిస్తారు. అయితే ఆక్సైడు పొరతో చేసే ఈ మెమరీ గదుల్లో పొరలోని నీటి అణువులకి పాత్ర ఉందని జపానులో త్సురుఓకా, యూలిష్‌లో వాలోవ్ బృందాలు చూపించాయి. ఇవతల లోహం అయానుగా మారాలంటే అవతల దానికి జతగా ఇంకో చర్య జరగాలి. ఆ జత చర్యకి పొరలో దాగిన తేమ అక్కరకొస్తుంది. తేమ బొత్తిగా లేకపోతే గది పనిచేయడానికి మొరాయిస్తుంది, మరీ ఎక్కువైతే పాడవుతుంది. ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఉక్కపోత, మే నెలలో 45 డిగ్రీలు దాటే బెజవాడ ఎండ, రెండూ ఒకే ఊళ్లో ఉన్న చోట ఈ పరీక్షలు చేస్తే వచ్చే ఫలితం ఎక్కడో చల్లటి దేశంలో చేసినదానికన్నా మనకి ఎక్కువ ఉపయోగం. మన చెరువు గట్టున, మన కరెంటు స్తంభం మీద పనిచేయాల్సిన వస్తువు మన గాలిలో తట్టుకోవాలి కదా.

ఇన్ని ఉండీ పని ఎందుకు జరగలేదంటారేమో. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి కథ చెబుతాను. గుడివాడ వైపు పల్లె నుంచి వచ్చింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అల్యూమినియం రంధ్రాల పని ఎంచుకుంది. మా ల్యాబులో పాత బ్యాటరీ చార్జరుని బాగు చేసుకుని, ఐసు తొట్టిలో బీకరు పెట్టి, రెండు విడతలుగా రేకులు తయారు చేసింది. రంధ్రాలు వచ్చాయో లేదో చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. ఒక పెద్ద సంస్థకి నమూనాలు పంపాం. డబ్బు కట్టాం, వరసలో నిలబడ్డాం. ఐదు నెలల తర్వాత నాలుగు ఫోటోలు వచ్చాయి. రంధ్రాలు సగం మూసుకుపోయి ఉన్నాయి. ఏం తప్పు జరిగిందో ఆ ఫోటో చూడగానే ఇద్దరికీ అర్థమైంది, ఆమ్లం వేడెక్కింది. మళ్లీ చేస్తే సరిపోయేది. కానీ అప్పటికి ఆ పిల్ల పరీక్షలు అయిపోయాయి, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. తప్పు తెలిసిన రోజుకీ దిద్దుకునే రోజుకీ మధ్య ఐదు నెలలు ఉంటే ప్రయోగం అనేది సాగదు. చూసిన సాయంత్రమే మళ్లీ తొట్టి దగ్గరికి వెళ్లగలగాలి. మా నాన్నకి ఆ సౌకర్యం ఉండేది. నగ మాడితే అప్పుడే చూసేవాడు, అప్పుడే వోల్టేజి తగ్గించేవాడు.

ఐఐఎస్సీ, ఐఐటీ బొంబాయి లాంటి చోట్ల కేంద్ర ప్రభుత్వం డబ్బుతో బయటి విద్యార్థులు వెళ్లి నానో ఎలక్ట్రానిక్స్ పరికరాలు వాడుకునే కార్యక్రమం నడుస్తోంది. మంచి కార్యక్రమం, ఎందరికో మేలు చేసింది. అయినా బెజవాడ నుంచి చెన్నైకే 430 కిలోమీటర్లు, బెంగళూరు, బొంబాయి ఇంకా దూరం. వారం రోజుల అనుమతితో వెళ్లే పిల్లవాడు చేసి చూసి వస్తాడు గానీ, చేసి, చెడి, మళ్లీ చేసే వ్యవధి అతనికి దొరకదు. కొల్లాపూర్‌లో పుట్టి, వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో బీటెక్ చదివిన వి.రామ్‌గోపాల్ రావు గారు నానో ఎలక్ట్రానిక్స్‌లో దేశానికే పెద్ద పేరయ్యారు, ఐఐటీ ఢిల్లీ డైరెక్టరు అయ్యారు. ఆ విద్య కోసం ఆయన బొంబాయి, మ్యూనిక్ వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజుల్లో వేరే దారి లేదు. ఇవాళ కూడా లేకపోవడమే నా బాధ.

మీ ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ కోసం పరుగెడుతోందని నాకు తెలుసు. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మన రాష్ట్రానికి ఒక సెమీకండక్టర్ ప్యాకేజింగ్ యూనిట్ ఇచ్చింది. 468 కోట్ల పెట్టుబడి, దక్షిణ కొరియా సాంకేతికత, ఏటా 9.6 కోట్ల యూనిట్ల సామర్థ్యం. అమరావతికి క్వాంటం వ్యాలీ వస్తోంది, ఐబీఎం 156 క్యూబిట్ల యంత్రం పెడతానంది. విశాఖకి గూగుల్ 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించింది. ఇవన్నీ రావాలి. ఆ డేటా సెంటర్లలో కృత్రిమ మేధ నడిచేటప్పుడు విద్యుత్తులో పెద్ద వాటా లెక్క చేయడానికి పోదు, మెమరీ నుంచి ప్రాసెసరుకీ అక్కడి నుంచి వెనక్కీ అంకెలని మోయడానికి పోతుంది. మెమరీ గదిలోనే లెక్క జరిగిపోతే ఆ మోత తప్పుతుంది. పోగు మెమరీ మీద ప్రపంచానికి ఇవాళ ఇంత ఆసక్తి అందుకే.

అయితే పెద్ద చిప్పు ఫ్యాక్టరీ మాట వేరు. గుజరాత్ ధొలేరాలో టాటాల ఫ్యాబ్‌కి 91,000 కోట్లు. సానంద్‌లో మైక్రాన్ మెమరీ ప్యాకేజింగుకే 22,516 కోట్లు. నేను అడుగుతున్నది ఆ వరసలోది కాదు. ఉపరితలం తయారు చేసి, దాన్ని చూసి, దాని మీద మెమరీ గది కట్టి, కొలిచే ఒక ఉమ్మడి ప్రయోగశాల అడుగుతున్నాను. ఒక చిన్న క్లీన్ రూమ్, లోహపు పొరలు వేసే ఒక యంత్రం, తొట్టిలో వోల్టేజిని కదలకుండా పట్టే పొటెన్షియోస్టాట్లు నాలుగు, ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, ఒక అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు, సూదులు ఆనించి వోల్టేజి-కరెంటు కొలిచే బల్ల. వీటిని నడిపి బాగుచేయగల ఐదారుగురు టెక్నీషియన్లు, వాళ్లకి ఏటేటా ఆగకుండా జీతం. ఆఖరిది అన్నింటికన్నా ముఖ్యం. మన రాష్ట్రంలో యంత్రం కొన్న రోజు ఫోటోలు వస్తాయి, ఆ యంత్రం ఆగిపోయిన రోజు ఎవరికీ తెలియదు. రిబ్బను కత్తిరించడానికి కేటాయించే శ్రద్ధలో సగం ఆ టెక్నీషియన్ల మీద పెట్టండి.

తలుపు తెరిచి ఉండాలి. కానూరు, వడ్డేశ్వరం, నీరుకొండ, నూజివీడు, గుడ్లవల్లేరు, బందరు, ఇన్ని చోట్ల ఇంజినీరింగ్ విద్యాసంస్థలు ఉన్నాయి. ఏ కాలేజీ గోడ లోపల పెడితే ఆ కాలేజీ సొత్తు అయిపోతుంది. కాబట్టి దాన్ని ఏ ఒక్కరికీ చెందకుండా, రాత్రి ఎనిమిది దాకా, పేరు రాసుకుని లోపలికి పోయేట్టు ఉంచండి. ఐటీఐ పిల్లలకీ, పాలిటెక్నిక్ పిల్లలకీ పూత శాస్త్రంలో ఆరు నెలల శిక్షణ అక్కడే పెట్టించండి.

ఆ తలుపు పూత పనివాళ్లకి కూడా తెరిచి ఉండాలి. ఇది నా సొంత గాయం నుంచి రాస్తున్నాను. బంగారు పూత తొట్టెల్లో ఎక్కువగా వాడేది సైనైడు లవణాలు. మా నాన్న వేళ్ల మధ్య చర్మం ఎప్పుడూ పగిలి ఉండేది. ఆయన పనిచేసిన షెడ్డులో చేతికి తొడుగులు ఇచ్చినవాళ్లు లేరు, తొట్టి నీళ్లు ఎక్కడికి పోతున్నాయని అడిగినవాళ్లు లేరు. సైనైడు లేకుండా సల్ఫైటుతో బంగారు పూత వేసే పద్ధతులున్నాయి. కడిగిన నీళ్లలోంచి లోహాన్ని తిరిగి పట్టే పద్ధతులున్నాయి. నేను పైన చెప్పిన అల్యూమినియం పనిలో కూడా మొదటి ఆక్సైడుని కరిగించడానికి క్రోమిక్ ఆమ్లం వాడతారు. అదీ విషమే, దాన్నీ కాలువలోకి వదలకూడదు. పోతేపల్లి జ్యూయలరీ పార్కు పనివాళ్లు, మీ నియోజకవర్గం మంగళగిరిలోని స్వర్ణకారులు తమ తొట్టి ద్రావణం తెచ్చి పరీక్ష చేయించుకునే కిటికీ ఒకటి ఆ ప్రయోగశాలకి ఉంటే, మెమరీ కోసం కొన్న పొటెన్షియోస్టాటే వాళ్లకీ పనికొస్తుంది. పరిశోధకుడికి వాళ్లు తిరిగి ఇచ్చేది కూడా తక్కువేమీ కాదు. మొన ఎందుకు మాడిందో పుస్తకంలో చదివినవాడికీ, వెయ్యి మొనలు మాడ్చి నేర్చినవాడికీ మధ్య సంభాషణ ఇంతవరకూ జరగనే లేదు.

మీకు లేనిపోని ఆశ చూపించను. పోగు మెమరీ రేపే ఫ్లాష్‌ని తోసేస్తుందని అనుకోవద్దు. ఫ్లాష్ వెనక నలభై ఏళ్ల అనుభవం ఉంది. పోగు గదులు లక్షల సార్లు రాసి చెరిపాక ఎలా ఉంటాయి, వేడికి పోగు తనంతట తానే కరిగిపోతుందా, మొన ఎంత పదునుగా ఉంటే మంచిది, ఎక్కడ దాటితే మొనే అరిగిపోతుంది, ఇలాంటి ప్రశ్నలు ఇంకా తెగలేదు. తెగని ప్రశ్నలు ఇన్ని ఉన్నాయి కాబట్టే కొత్తవాళ్లకి చోటుంది. అన్నీ తేలిపోయిన రంగంలో ఆలస్యంగా వచ్చినవాడికి కూలి పనే మిగులుతుంది.

ఎక్కడ పనికొస్తుందో చెప్పమంటే ముందుగా చిన్న వస్తువుల్లో అంటాను. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది, బ్యారేజీ చరిత్రలో అంతకన్నా పెద్ద అంకె లేదు. అదే వారం బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్ మీదికి వచ్చింది. మా చెల్లెలు డాబా మీద మూడు రాత్రులు ఉంది, కరెంటు లేదు, ఫోను లేదు. వాగు పొడవునా అరచేతిలో పట్టే నీటిమట్టం పరికరాలు, ఏళ్ల తరబడి బ్యాటరీ మార్చే పని లేకుండా క్షణక్షణం రాసుకునేవి ఉండాలని ఆ రాత్రుల తర్వాత నాకు బలంగా అనిపించింది. కరెంటు పోయినా ఫ్లాష్ కూడా గుర్తుంచుకుంటుంది, నిజమే. రాసేటప్పుడు తాగే విద్యుత్తులోనే తేడా. కైకలూరు చేపల చెరువుల్లో ప్రాణవాయువు కొలిచే మీటర్లకీ ఇదే లెక్క. తక్కువ వోల్టేజి అనే గుణం అక్కడ విలాసం కాదు, అవసరం.

మీరు ఒప్పుకుంటే భవనం కోసం ఆగనక్కర్లేదు. ఖాళీగా ఉన్న ఏ ప్రభుత్వ పాలిటెక్నిక్ గదిలోనైనా మొదటి నెల పని మొదలుపెట్టవచ్చు. వంటింటి రేకు పనికిరాదు, శుద్ధమైన అల్యూమినియం రేకు కావాలి, అది కొనవచ్చు. ఆక్సాలిక్ ఆమ్లం బెజవాడలో దొరుకుతుంది. 40 వోల్టులు కదలకుండా ఇచ్చే రెక్టిఫయరు మా బందరు వాళ్లు తెస్తారు. ఆ అమ్మాయి చేతిలో తప్పు జరిగింది ఆమ్లం వేడెక్కడం వల్ల కాబట్టి ఈసారి తొట్టి చుట్టూ ఐసు నిండుగా పోస్తాం. గిలకలదిండి రేవులో చేపల కోసం తెల్లవారుజామునే ఐసు వస్తుంది, రెండు బుట్టలు అడిగి తెచ్చుకుంటాం. సాయంత్రానికి రేకు తయారవుతుంది. ఆ సాయంత్రమే దాన్ని చూడడానికి మైక్రోస్కోపు మాత్రం మీరు తెప్పించాలి.

ఇట్లు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
విజయవాడ.